కాలువలు కట్టేసిన నెల

లాకుల దగ్గర దొరికింది కాబట్టి
దాని పేరు లాకు.
మా ఆవిడ నూకరత్నం పిలిస్తే మాత్రం లాకమ్మ.

ఏప్రిల్లో ధవళేశ్వరం నుంచి కబురొస్తుంది,
నేను షట్టరు దించుతాను.
నాలుగు రోజుల్లో కాలువ అడుగు బయటపడుతుంది:
చెప్పులు, సీసాలు, ఎవరిదో ఇత్తడి చెంబు,
ఎండిన గుర్రపుడెక్క వాసన.
పిడుదులు కూడా అప్పుడే.

సాయంత్రం గట్టు మీద కూర్చుని
దాని చెవులు తిరగేస్తాను.
కాలివేళ్ల సందులు, చంకలు, తోక మొదలు.
ఆముదపు గింజలా ఉబ్బినదాన్ని
మూతి దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి,
నలపకూడదు,
సబ్బునీళ్ల డబ్బాలో వేసెయ్యాలి.
లెక్క పెడతాను, గేజీ చదివిన అలవాటు.
ఒక రోజు పదకొండు. ఒక రోజు ఏడు.
షట్టరు పుస్తకం వెనక అట్ట నిండా అవే అంకెలు.
ఏఈ గారు చూసి
"ఇదే కాలువ డిశ్చార్జీ లస్కరూ?" అన్నారు.

వారానికోసారి వేపాకు మరిగించి, చల్లార్చి, స్నానం.
ఒళ్లు ఆరాక, గీరుకున్న చోట
గానుగ కొబ్బరినూనె వేలికొనంత.
సగం నాకేస్తుంది. నాకనీ.
అన్నంలోకి ముళ్లు తీసిన ఉడుకుచేప,
ఉప్పూ కారం లేకుండా;
ఉల్లిపాయ దరిదాపుల్లోకి రానివ్వదు నూకరత్నం.
కడుపు జారితే ఉడికించిన గుమ్మడిముక్క.

దాని వైద్యం దానికీ ఉంది.
పొద్దున్నే గరిక కొరుకుతుంది,
ఏ గరిక పడితే అది కాదు,
తూము పక్కన చెమ్మలో మొలిచిందే.
కక్కుతుంది. తప్పు చేసినట్టు నా వంక చూస్తుంది.
మిట్టమధ్యాహ్నం కాలువ అడుగున ఇసక గీరి
చల్లదనం ఎక్కడ దాక్కుందో అక్కడే పొట్ట ఆనిస్తుంది.
నీళ్లశాఖలో ముప్పయ్యేళ్లు చేశాను,
ఆ చెమ్మ నాకు దొరకదు.

దీనికి ముందు ఒకడుండేవాడు, బుల్లోడు.
గజ్జి పట్టింది.
పాత ఇంజనాయిలు రాస్తే పోతుందన్నారు.
చెప్పినోళ్లు వందమంది.
రాసింది నేను.
వాడు ఒళ్లంతా నాక్కున్నాడు.
మూడో రోజు తెల్లారగట్ల
పిలిస్తే తోక కదల్లేదు.
ఆ గుడ్డపీలిక పంపుషెడ్డులో మేకుకి
ఇంకా వేలాడుతూనే ఉంది, నేనే తియ్యలేదు.

అందుకే లాకు గిన్నె ముట్టని రోజున
పెదవి ఎత్తి చిగుళ్లు చూశాను.
సున్నం కొట్టిన గోడ.
నూకరత్నం పసుపుకొమ్ము తెచ్చింది.
చేపల పల్లాలమ్మ తట్ట దించి, నేలవేము కషాయం పట్టమంది.
నేను గోనెసంచి పరిచాను.
ముక్తేశ్వరం రేవులో పంటెక్కి, అవతలి ఒడ్డున
పశువుల ఆసుపత్రి దాకా మోశాను.
నది మధ్యలో ఒకసారి తలెత్తింది,
గాలిని వాసన చూసి మళ్లీ వాల్చేసింది.

రక్తం తీశారు. పిడుదుల జ్వరమట.
డాక్టరమ్మ చిన్నపిల్ల, ముంజేతుల నిండా గోళ్లగాట్లు.
సూది వేసింది, ఇరవై ఎనిమిది రోజులకి మాత్రలిచ్చింది,
పిచ్చికుక్క టీకా చీటీ అడిగింది. ఉంది.
"వేపనీళ్లు మానెయ్యాలాండి?" అన్నాను.
"ఎందుకూ? పొయ్యండి.
వేళ్లతో వెతకడం అసలు మానొద్దు.
జ్వరం లోపలికి దిగాక మాత్రం
ఆకుతో బేరాలాడకండి."

చివరి మాత్ర కూడా చేపముక్కలోనే దాచాను.
చేప తిని, మాత్ర పక్కన పెట్టింది.
మళ్లీ దాచాను.

జూన్లో షట్టరు ఎత్తాను.
నురగతో, చెత్తతో, మెల్లగా
దారి గుర్తు తెచ్చుకుంటున్నట్టు వచ్చాయి నీళ్లు.
లాకు గట్టు మీద వాటికి ముందు నడిచింది,
నేను వెనక. షుగరుకి నన్నూ నడవమన్నారు కదా,
మందు ఎవరు ఎవరికి ఇస్తున్నామో.
శివారు తూము దగ్గర కూలబడ్డాం.
చెవి తిరగేశాను.
రెండు.
రాసుకుందామంటే పుస్తకం ఇంటి దగ్గరుండిపోయింది.